ఫిలిప్పు అడిగిన ప్రశ్న

ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరు శిష్యులకు మనసు నిలవలేదు. గురువు వెళ్లిపోతానంటున్నాడు. ఎక్కడికో తెలియనప్పుడు దారి ఎలా తెలుస్తుందని తోమా అడిగాడు. ఆ దారి తానేనని, తండ్రి దగ్గరికి చేరాలంటే తన మీదుగానే రావాలని యేసు చెప్పాడు. ఫిలిప్పుకు ఆ జవాబు చాలలేదు. తండ్రిని ఒక్కసారి చూపించు, మాకింకేం అక్కర్లేదన్నాడు. ఇన్నాళ్లు వెంట తిరిగి కూడా ఇలా అడుగుతావేమిటని యేసు నొచ్చుకున్నాడు. తనను చూడడమంటే తండ్రిని చూడడమేనన్నాడు.

యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయంలో ఉంది ఈ సంభాషణ. తోమాకు ఇచ్చిన జవాబు గోడల మీద, ఆటోల వెనక, కరపత్రాల మీద కనిపిస్తుంది. ఫిలిప్పుకు ఇచ్చిన జవాబు అంతగా కనిపించదు. రెండోది లేకుండా మొదటిది అర్థం కాదని నా నమ్మకం. యేసు ద్వారా దేవుణ్ణి ఎరగడం అనే క్రైస్తవ విశ్వాసం మీద రెండు వేల ఏళ్లుగా సాగిన ఆలోచననూ, దానికి ఎదురైన అభ్యంతరాలనూ ఒకచోట పెట్టి చూడడానికే ఈ వ్యాసం. నేను విశ్వాసిని. ఆ సంగతి దాచిపెట్టి రాయడం పాఠకులకు న్యాయం కాదు.

ముందు ఒక మాట గురించి. తెలుగులో ‘తెలుసు’ వేరు, ‘ఎరుగుదును’ వేరు. ఒక మనిషి ఊరూ పేరూ ఉద్యోగం తెలియవచ్చు. అతణ్ణి ఎరగడమంటే మాత్రం అతనితో కొన్నాళ్లు మసలి ఉండాలి. మన పెద్దవాళ్లు ‘వాళ్ల నాన్నని నేనెరుగుదును’ అంటే ఆ మాటలో ఒక హామీ ఉంటుంది. తెలుగు బైబిలు అనువాదకులు దేవుణ్ణి గురించి మాట్లాడేచోట ఎక్కువగా ఈ ‘ఎరుగు’నే పట్టుకున్నారు. హీబ్రూలోని ‘యాద’ అనే క్రియకు ఇది దగ్గరి చుట్టం. భార్యాభర్తల దాంపత్యాన్ని చెప్పడానికి కూడా ఆదికాండం ఆ క్రియనే వాడింది. కాబట్టి చర్చ దేవుణ్ణి గురించిన సమాచారం మీద కాదు, ఆయనతో పరిచయం మీద. ఈ తేడా మరిచిపోయినప్పుడల్లా వాదన దారి తప్పింది.

ఫిలిప్పు కోరిక కొత్తదేం కాదు. నీ మహిమ చూపించమని మోషే అడిగినట్టు నిర్గమకాండం ముప్పై మూడో అధ్యాయంలో ఉంది. ముఖం చూసినవాడు బతకడని దేవుడు అతణ్ణి బండ సందులో నిలబెట్టి, దాటిపోయాక వెనక వైపు మాత్రమే చూడనిచ్చాడు. విగ్రహం చేయకూడదు, రూపం కల్పించకూడదు అని పది ఆజ్ఞల్లో కట్టడి చేసుకున్న జాతి అది. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన యూదులు, ఒక వడ్రంగి మొహంలో దేవుణ్ణి చూశామని చెప్పారంటే అది తేలికగా నోట వచ్చిన మాట కాదు. యోహాను తన మొదటి అధ్యాయంలోనే ఆ రెండు కొసలనూ కలిపి పట్టుకున్నాడు. దేవుణ్ణి ఎవరూ ఎన్నడూ చూడలేదు నిజమే, కానీ కుమారుడు ఆయనను బయలుపరిచాడు అన్నాడు. ‘బయలుపరచు’ మన అనువాదకులు ఎన్నుకున్న మాట. గుడి లోపల, గుహ లోపల, గ్రంథం లోపల ఉన్నదాన్ని బయట, నలుగురూ నడిచే ఆరుబయట పెట్టడం.

బయట పెట్టగానే కనిపించింది ఏమిటి? ఇక్కడ పౌలు మాట ముఖ్యం. సువార్తల కన్నా ముందే, 50ల నడుమ, కొరింథులోని చిన్న సంఘానికి రాసిన మొదటి పత్రికలో, తాము చాటేది సిలువ వేయబడిన మెస్సీయనని, యూదులకు అది తట్టుకోలేని మాట, గ్రీకులకు తెలివితక్కువ మాట అని తనే ఒప్పుకున్నాడు. రోమన్ల కాలంలో సిలువ అంటే బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. దేవుడు ఎలాంటివాడో అక్కడ తెలిసిందనడం ఆనాటి ఏ విద్యావంతుడికీ మింగుడుపడేది కాదు. 1518లో హైడెల్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ మళ్లీ ఇదే తీగ లాగాడు. ఆయన లెక్కలో దేవుణ్ణి వైభవంలో వెతికేవాళ్లు ఒక రకం, శ్రమలో, సిలువలో కనుక్కునేవాళ్లు మరో రకం. మొదటివాళ్లకు చెడు మంచిగా కనిపిస్తుందని ఆయన హెచ్చరిక.

325లో నైసియా సభ ఎందుకు అంత ముఖ్యమో మన సంఘాల్లో సరిగా చెప్పరు. కుమారుడు తండ్రితో సమాన స్వభావం కలవాడా, సృష్టించబడినవాడా అని వాదించుకున్నారని చెప్పి వదిలేస్తారు. అసలు సంగతి లోతైనది. అలెగ్జాండ్రియా పెద్ద ఆరియస్ వాదం ప్రకారం కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టిలోని వాడే. అందుచేత తండ్రి స్వరూపం ఆయనకు కూడా పూర్తిగా తెలియదు. అలాగైతే ఫిలిప్పు ప్రశ్నకు జవాబు లేనట్టే. యేసును చూసినవాడు యేసునే చూశాడు, తండ్రి ఎప్పటిలా తెర వెనకే ఉండిపోయాడు. అథనేసియస్ అయిదుసార్లు దేశబహిష్కారానికి గురైనా ఈ ఒక్క విషయంలో వెనక్కు తగ్గలేదు. యేసులో కనిపించిన ప్రేమ వెనక మరో రకం దేవుడు దాగి లేడన్నదే ఆయన పట్టుదల. ఒకే స్వభావం అనే గ్రీకు మాట లేఖనాల్లో లేదని ఆనాడే చాలామంది అభ్యంతరం చెప్పారు. నిజమే, లేదు. కానీ ఆ మాట కాపాడినది లేఖనాల్లో ఉంది.

అలాగని యేసును ఎరిగినవాడికి దేవుడు పూర్తిగా చేతికి చిక్కాడని తూర్పు సంఘాలు ఎప్పుడూ అనలేదు. నిస్సా గ్రెగొరీ మోషే కొండ ఎక్కడాన్ని చీకట్లోకి ప్రవేశంగా చదివాడు, దగ్గరయ్యేకొద్దీ ఆయన అందనివాడని తెలుస్తుందన్నాడు. పడమట థామస్ అక్వైనస్ బుద్ధితో దేవుడున్నాడని చేరుకోవచ్చు కానీ త్రిత్వం వంటివి ఆయన చెబితేనే తెలుస్తాయన్నాడు. 1273 డిసెంబరులో ఒక ఉదయం పూజ తరవాత కలం పక్కన పెట్టి, తన మహాగ్రంథాన్ని అసంపూర్తిగానే వదిలేశాడు. పాస్కల్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1654 నవంబరు 23 రాత్రి తనకు కలిగిన అనుభవాన్ని ఆ గణితవేత్త ఒక కాగితం మీద రాసుకొని కోటు లోపల కుట్టుకున్నాడు. ఆయన చనిపోయాకే అది బయటపడింది. తత్వవేత్తల దేవుడు కాదు, అబ్రాహాము దేవుడు, యేసుక్రీస్తు దేవుడు అన్నది దాని సారం.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా గట్టిది 1777లో లెస్సింగ్ వేసింది. ఎప్పుడో ఒక మూల జరిగిన సంఘటన మీద, అన్ని కాలాలకూ చెల్లే సత్యాన్ని ఎలా నిలబెడతారు? మధ్యలో వెడల్పాటి కందకం ఉంది, ఎంత ప్రయత్నించినా దూకలేకపోతున్నానన్నాడు. ఆ తరవాత నూరేళ్లకు పైగా జర్మన్ పండితులు సువార్తల అడుగున ‘అసలు’ యేసు కోసం తవ్వారు. 1906లో ఆల్బర్ట్ ష్వైట్జర్ ఆ తవ్వకాల చరిత్ర రాసి, తవ్వినవాళ్లలో చాలామందికి దొరికింది తమ పోలికలున్న యేసేనని తేల్చాడు. లెస్సింగ్‌కు పూర్తి జవాబు చరిత్ర పుస్తకాల్లో దొరకదని నేను ఒప్పుకుంటాను. కానీ మనిషిని ఎరగడం ఎప్పుడైనా అలాగే జరుగుతుంది. ఒక వ్యక్తి ఫలానా రోజున ఫలానా చోట మనకోసం చేసిన ఒక్క పని నుంచే అతని గుణం మనకు తెలుస్తుంది. సిద్ధాంతాల నుంచి ఎవరి గుణమూ తెలియదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి వీధిలోకి వచ్చింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధాన్ని సమర్థిస్తూ 93 మంది జర్మన్ మేధావులు ప్రకటన చేశారు. సంతకాల్లో తన గురువుల పేర్లు కూడా ఉండడం చూసి స్విట్జర్లాండ్ పాస్టరు కార్ల్ బార్త్ కలత చెందాడు. మనిషి సంస్కృతిలో, జాతి భావనలో దేవుణ్ణి చూసుకుంటే చివరికి ఎక్కడికి చేరతామో ఆయనకు కనిపించింది. ఇరవై ఏళ్లలో అదే జరిగింది. హిట్లర్ రాకలో దైవ సంకల్పం ఉందని ‘జర్మన్ క్రైస్తవులు’ అనే వర్గం చాటింది. దానికి ఎదురు నిలిచినవాళ్లు 1934 మే 31న బార్మెన్‌లో ఒక ప్రకటన ఆమోదించారు. దాన్ని ఎక్కువగా రాసింది బార్త్. ఆ ప్రకటనలో మొదటి సూత్రం ఏ వాక్యంతో మొదలవుతుందో చూడండి. తోమాకు యేసు ఇచ్చిన జవాబుతోనే. దేవుని వాక్కు యేసుక్రీస్తు ఒక్కడే, ఆయన పక్కన మరో నాయకుణ్ణి, మరో శక్తిని, మరో చారిత్రక ఘట్టాన్ని దేవుని వెల్లడిగా సంఘం ఒప్పుకోదని దాని అర్థం.

ఇదే వాక్యాన్ని పొరుగింటివాళ్ల మీద రాయిలా విసరడం చూసిన నాకు, బార్మెన్ చదివినప్పుడు మొదటిసారి దాని అసలు పదును ఎటువైపు ఉందో తెలిసింది. అది సింహాసనాల వైపు తిరిగి ఉంది. అయితే ఆ ప్రకటన యూదుల హింస గురించి ఒక్క మాట అనలేదు. తరవాత బార్త్ స్వయంగా దాన్ని తన తప్పుగా ఒప్పుకున్నాడు. యేసు యూదుడన్న సంగతి గుర్తున్నవాళ్లకు ఆ మౌనం మామూలు లోపం కాదు. అంతకు ముందే, 1913లో, క్రైస్తవం వైపు మొగ్గి మళ్లీ వెనక్కు తిరిగిన యూదు తత్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ ఒక ఉత్తరంలో, తండ్రి దగ్గరికి కుమారుడి ద్వారా తప్ప ఎవరూ రారన్నది సరే, ఇప్పటికే తండ్రి దగ్గరున్న ఇశ్రాయేలు రావలసిన పని లేదు కదా అన్నాడు. క్రైస్తవులు ఆ ప్రశ్నను ఇంకా పూర్తిగా విన్నారని నేననుకోను.

మన దేశంలో ‘మార్గం’ అనే మాటే వేరే అర్థాలతో స్వాగతం చెప్పింది. జ్ఞానమార్గం, భక్తిమార్గం, కర్మమార్గం చెవిన పడుతూ పెరిగినవాడికి, నేనే మార్గం అన్న గురువు విచిత్రంగా కనిపిస్తాడు. గురువు దారి చూపిస్తాడు, తనే దారి కాడు. బ్రహ్మబాంధవ్ ఉపాధ్యాయ బెంగాల్‌లో త్రిత్వాన్ని సచ్చిదానందంగా స్తుతిస్తూ సంస్కృతంలో కీర్తన కట్టాడు. తమిళనాట ఎ.జె. అప్పాసామి రామానుజుల వెలుగులో యోహాను సువార్తను చదివి, క్రైస్తవాన్ని భక్తిమార్గంగా వివరించాడు. గాంధీ కొండమీది ప్రసంగాన్ని గుండెకు హత్తుకున్నాడు కానీ యేసు ఒక్కడే దేవుని కుమారుడన్న మాటను ఒప్పుకోలేదు.

1938 డిసెంబరులో మద్రాసు పక్కన తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దానికోసం డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ పెద్ద పుస్తకమే రాశాడు. మతాలన్నీ మనిషి ప్రయత్నాలు, క్రీస్తులో జరిగింది దేవుని చర్య, వాటి మధ్య వంతెన లేదని ఆయన వాదం. దానికి జవాబుగా మద్రాసులోని కొందరు భారతీయ క్రైస్తవులు ఒక సంపుటం తెచ్చారు. వాళ్లలో ముందున్నవాడు మన నెల్లూరు వాడు, న్యాయమూర్తిగా పనిచేసిన పాండిపెద్ది చెంచయ్య. సంఘం చెప్పే సిద్ధాంతాలూ పాశ్చాత్య వ్యవస్థలూ పక్కనపెట్టి, యేసును నేరుగా, ప్రత్యక్షంగా అనుభవించాలన్నాడాయన. యేసు రాక సృష్టిలోనే ఒక కొత్త మొలక, పరిశుద్ధాత్మ ద్వారా ఆ కొత్త ప్రాణం మనలోకి వస్తుందని ఆయన చూపు. ఈ ఆలోచనకు ఆయన అరవిందుల యోగం దగ్గరా, కుంభకోణం మాస్టర్ సి.వి.వి. యోగం దగ్గరా సాయం తీసుకున్నాడు. చెంచయ్య ధైర్యం నాకిష్టం. కానీ ఆయన రాతల్లో సిలువ పలచబడిందని కూడా అనిపిస్తుంది. ఇంకో లోటు కూడా ఉంది. ఆ సంపుటం ఇంగ్లీషులో, చదువుకున్నవాళ్ల మధ్య నడిచిన సంభాషణ. తెలుగునేల మీద యేసు ద్వారా దేవుణ్ణి ఎరిగిన వేలమంది అప్పటికి డెబ్బై ఏళ్లుగా వేరేచోట ఉన్నారు.

ఆ వేరేచోటు ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెలు. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. రాజయోగం నేర్పే గురువుల దగ్గర శిష్యరికం చేసి, తనే శిష్యులకు చెప్పే స్థాయికి వచ్చినవాడు. తోళ్ల బేరం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు యేసు సంగతి విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. గుళ్లోకి అడుగు పెట్టనివ్వని, వేదం చెవిన పడనివ్వని సమాజంలో దేవుణ్ణి వెతకడానికి పేరయ్యకు యోగమొక్కటే మిగిలిందని గమనించాలి. ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ 1899లో ఈ మనుషుల కథలు చెప్పులు కుట్టే పనిని పేరులో పెట్టి పుస్తకంగా తెచ్చారు. నా దృష్టిలో ఈ ప్రశ్న మీద తెలుగునేల నుంచి వెళ్లిన తొలి సాక్ష్యాల్లో అదొకటి. పేరయ్య తన పాత వెతుకులాటను అబద్ధమని విసిరిపారేసినవాడిలా ఆ పుస్తకంలో కనిపించడు. వెతికినది దొరికినవాడిలా కనిపిస్తాడు.

1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని కరవు కాల్చేసింది. ఒంగోలులోని మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. సహాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిసి, డబ్బులిక లేవని చెప్పాక కూడా జనం వెనక్కు పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఇచ్చింది తెలుగు బోధకులు. తిండికోసం మతం మారారన్న మాట ఈనాటికీ వినిపిస్తుంది. ఆకలి ఉంది, కాదనను. ఆకలిగొన్నవాడికి దేవుడు అన్నం దగ్గర తెలియకూడదనే నియమం ఎక్కడుంది? అయిదు రొట్టెలు పంచిన కథ నాలుగు సువార్తల్లోనూ ఉంది.

వేరే ద్వారాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి యేసును రాగతాళాల్లో పాడి, చదువురానివాళ్ల నోటికి సిద్ధాంతం అందించాడు. మా పల్లెలో అక్షరం రాని ముసలమ్మలు నైసియా పేరు వినకపోయినా, ఆ సభ తేల్చిన సంగతిని ఆయన కీర్తనల్లో తప్పులేకుండా పాడేవాళ్లు. జాషువా 1958లో వెలువరించిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంటరానితనం రుచి చూసిన కవి ఆ కథను ఎందుకెత్తుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. తాంబరం సభ జరిగిన 1938లోనే ముంగమూరి దేవదాసు బైబిలు మిషను మొదలుపెట్టాడు. మౌనంగా దేవుని సన్నిధిలో కూర్చొని ఆయన మాట కోసం కనిపెట్టడం ఆయన నేర్పిన సాధన. చెంచయ్య ఇంగ్లీషులో కోరిన ప్రత్యక్షానుభవాన్ని దేవదాసు తెలుగులో, చాపల మీద కూర్చున్నవాళ్లకు నేర్పాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా ఒక మంచి పరిశోధన చేయాలి.

యేసును ఎరగనివాళ్ల సంగతి మిగిలింది. 1965లో రెండో వాటికన్ సభ, ఇతర మతాల్లోని సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ సంఘం నిరాకరించదని ప్రకటించింది. క్రీస్తు పేరు తెలియకుండానే ఆయన కృపలో జీవించేవాళ్లున్నారని కార్ల్ రాహ్నర్ అన్నాడు. ఎవరినీ అడగకుండా వాళ్లకు పేరు పెట్టడం మర్యాద కాదనే విమర్శ దానికి ఉంది, అందులో న్యాయమూ ఉంది. జాన్ హిక్ ఇంకా ముందుకెళ్లి, మతాలన్నీ ఒకే సత్యం చుట్టూ తిరిగే గ్రహాలన్నాడు. మనకు తెలిసిన అంధగజన్యాయం అదే. తమిళనాట ఏళ్ల తరబడి పనిచేసి, దక్షిణ ఇండియా సంఘం బిషప్పుగా ఉన్న లెస్లీ న్యూబిగిన్ ఆ కథను తిప్పి చూపించాడు. గుడ్డివాళ్లు తలా ఒక ముక్క పట్టుకున్నారని చెప్పగలిగేవాడు ఏనుగును మొత్తం చూసినవాడే కదా, ఆ చూపు తనకుందని అతనెలా అంటాడు? వినయంలా కనిపించే ఆ కథలో అన్నిటికన్నా పెద్ద హక్కుదారు కథ చెప్పేవాడే.

న్యూబిగిన్ వాదనను నేను ఒప్పుకుంటాను. యేసు అనేక దారుల్లో ఒకడంటే, గుండ్లకమ్మలో దిగినవాళ్లు ఎరిగినది వాళ్ల నుంచి తీసేసుకున్నట్టే. అయితే యేసు ద్వారానే అన్న మాట దేవుడు ఎలాంటివాడో చెప్పే మాట. ఎవరు లోపల, ఎవరు బయట అని లెక్క తీసే పని దానిది కాదు. ఆ లెక్క గురించి యేసు చెప్పిన కథ మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో ఉంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాళ్లు, తాము పెట్టినది ఆయనకేనని తెలియక ఆశ్చర్యపోతారు. తెలుసనుకున్నవాళ్లూ ఆశ్చర్యపోతారు. ప్రేమ లేనివాడు దేవుణ్ణి ఎరగనట్టేనని యోహాను మొదటి పత్రిక తెగేసి చెప్పింది. ఆ కొలత ముందుగా మనకే పెట్టుకోవాలి. ఒకే యేసు పేరు చెప్పుకుంటూ కులానికో సంఘం, కులానికో సమాధుల దొడ్డి పెట్టుకున్నచోట, ఆ వాక్యం గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అక్కడ ఆయనను ఎరిగినవాళ్లు లేరు.

విశ్వాసులకైనా, కాని పాఠకులకైనా నా మనవి ఒక్కటే. పద్నాలుగో అధ్యాయం తెరిచే ముందు పదమూడోది చదవండి. అది కూడా అదే రాత్రి, అదే భోజనం. యేసు పై వస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు చుట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. ఫిలిప్పు కాళ్లు కూడా. తండ్రిని చూపించమని అతను అడిగింది ఆ తరవాత.